దేవమ్మ తెరిచిన కిటికీ

సికిందరాబాద్ స్టేషన్ నుంచి లాలాగూడకు పోయే దారిలో ఒక జొన్నల గోదాం ఉండేది. అందులో దేవమ్మ పని ఒకటే, మున్షీ ప్రభుదాస్ గది గుమ్మానికి వేలాడే వట్టివేళ్ల తడకను ఎండాకాలమంతా తడుపుతూ ఉండడం. ఎనిమిదేళ్లుగా బిందె, చెంబు, తడక, అంతే. పడమటి వడగాలి ఆ తడకలోంచి దూరి చల్లబడి, కమ్మటి వాసనతో లోపలికి పోయేది. మున్షీగారు కోటు విప్పకుండా దర్జాగా రాసుకునేవారు. గోడకవతల జొన్నలు చెరిగే పద్నాలుగు మంది ఆడవాళ్లు మాత్రం ఉడికిపోయేవాళ్లు. వాళ్లకూ ఒక తడక కడదామన్న ఆలోచన ఎవరికీ రాలేదు. నిజం చెప్పాలంటే దేవమ్మకూ రాలేదు.

నలభై ఎనిమిదిలో రజాకార్ల భయం, దోపిడీల భయం ఊరిని కుదిపేసినప్పుడు గోదాం యజమాని సేఠ్ దాని తూర్పు గోడకున్న పెద్ద కిటికీని ఇటుకలతో మూయించాడు. సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. అయిదు రోజుల్లో నిజాం సర్కారు లొంగిపోయింది, జనం వీధుల్లోకొచ్చి ఊపిరి పీల్చుకున్నారు. సేఠ్ భయం మాత్రం ఆ గోడలోనే ఉండిపోయింది. ఆయన్ని పూర్తిగా తప్పుపట్టడానికీ లేదు, తమ్ముడి దుకాణాన్ని ఆయన కళ్లముందే దోచుకున్నారు మరి.

మరుసటి ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, గోదాంలో జొన్నలు చెరుగుతున్న దేవమ్మ చెల్లెలు పర్వతాలు చేటమీదే ఒరిగిపోయింది. దేవమ్మ మున్షీ తడక కోసం తెచ్చిన బిందెడు నీళ్లూ ఆమె నెత్తిన గుమ్మరించింది. పర్వతాలు కళ్లు తెరిచింది గానీ చాలాసేపటిదాకా అక్కను గుర్తుపట్టలేదు. ఈ లోకంలో ఆమెకున్నది ఆ చెల్లెలొక్కతే. సోమవారం మళ్లీ పనిలోకి పోతానంటోంది పర్వతాలు. పోకపోతే పొయ్యి వెలగదు. సరే, ఆలోగా గోదామే మారాలనుకుంది దేవమ్మ. ఒకసారి అనుకుందంటే ఇక ఎవరి మాటా వినే మనిషి కాదామె.

మర్నాడే గోదాం పడమటి వాకిలికి గోనెపట్టాలు కుట్టి కట్టి తడిపింది. మధ్యాహ్నానికి లోపల మూతపెట్టిన అన్నం గిన్నెలాగా తయారైంది. ఆడవాళ్లు ఎండే నయమన్నారు. బస్తాలు చెమ్మ వాసన కొడుతున్నాయని ప్రభుదాస్ నాలుగు చీవాట్లు పెట్టి పట్టాలు పీకించాడు. దేవమ్మ ఆ గోనెల ముందే కూలబడి ఆలోచించింది. మున్షీ గదిలో వెనక కిటికీ మూసిన రోజున ఎన్ని నీళ్లు చల్లినా ఆయన ఉక్కపోస్తోందని గోల పెట్టడం గుర్తొచ్చింది. వచ్చిన గాలికి పోయే దారి కూడా కావాలి కదా. ఎనిమిదేళ్లు నీళ్లు చల్లిన తనకే ఇది తట్టనందుకు తనను తానే తిట్టుకుంది.

గోదాం తూర్పు కిటికీ తెరిపించమని ప్రభుదాస్‌ను పట్టుకుంది. ఆయన మంచివాడే, సేఠ్ దగ్గరికెళ్లి అడిగాడు కూడా. కుదరదన్నాడు సేఠ్. శనివారం పొద్దున దేవమ్మ గడ్డపార పట్టుకొచ్చి మొదటి ఇటుక ఊడదీసింది. చప్పుడు విని గుమ్మం దాకా వచ్చిన మున్షీ, ఏమీ చూడనట్టు వెనక్కిపోయి రిజిస్టరులో తలదూర్చాడు. ఆయన చేయగలిగిన సాయం అంతే, అదీ తక్కువేం కాదు.

కబురు తెలిసి సేఠ్ తాపీ మేస్త్రీ వీరయ్యను వెంటబెట్టుకుని వచ్చేసరికి కిటికీ నిండా వెలుతురు. దేవమ్మ అందులో ఎక్కి కూర్చుంది. వీరయ్య సున్నం కలుపుకుని, తాపీ చేతపట్టుకుని దిక్కులు చూస్తున్నాడు. మనిషి కూర్చున్న చోట గోడ ఎట్లా కడతాడు పాపం?

"దిగు. దొంగలు పడితే జవాబు నువ్వు చెప్తవా?" అన్నాడు సేఠ్.

"చెప్త సేఠ్. మా చెల్లె పానం పోతే జవాబు ఎవరు చెప్తరు?" అంది దేవమ్మ. గొంతు పెంచలేదు. "ఇనుప చువ్వలు పెట్టియ్యి, దొంగ రాడు. ఇటుకలు పెడితే గాలి సుత రాదు."

సేఠ్ మెడ తుడుచుకుందామని రుమాలు తీశాడు. అప్పటికే ఆడవాళ్లు పడమటి వాకిలికి మళ్లీ గోనెలు కట్టి తడిపారు. వాటిలోంచి చల్లబడిన గాలి బస్తాల మధ్య నుంచి వచ్చి ఆయన మీదుగా కిటికీలోకి పోతోంది. మెడ మీది చెమట అప్పటికే ఆరింది, రుమాలు తడవలేదు. ఆయన వీరయ్యను చువ్వల కోసం కమ్మరి దగ్గరికి పంపాడు. చువ్వలు బిగించేదాకా దేవమ్మ కిటికీ దిగలేదు. మాటకూ చేతకూ మధ్య ఎంత దూరముంటుందో ఆమెకు బాగా తెలుసు.

సోమవారం పర్వతాలు పనిలోకి వచ్చింది. ఆ రోజు నుంచి దేవమ్మ ముందు గోదాం గోనెలు తడిపి, ఆ తరవాతే మున్షీ తడక దగ్గరికి పోయేది. ఆ మొదటి రోజు మాత్రం ఏదో ఒక వంకతో పదిసార్లు లోపలికి తొంగిచూసింది. పొద్దు వాలాక ఆడవాళ్లు ఒక్కొక్కరే బయటికి వచ్చారు. చివర పర్వతాలు, నెత్తిన పొట్టు గంపతో, ఎవరి చేయీ పట్టుకోకుండా నడిచి వచ్చింది. సేఠ్ ముందు కన్ను తడి కానివ్వని దేవమ్మ, చెల్లెలి నెత్తిమీది గంప దించి, అక్కడే దాని పక్కన కూర్చుని ఏడ్చేసింది.