దిగి నడిచే చోట

మా కాక పోయాడని చెప్పినవాళ్ళెవరూ ఆ మాట దగ్గర ఆగలేదు. పొద్దున ఎనిమిదింటికి ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పాడు, కాకను హైవే మీద లారీ గుద్దిందని, మేడ్చల్ ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే ప్రాణం పోయిందని. నేనింకా స్కూటర్‌కి స్టాండ్ కూడా వేయలేదు. అంతలోనే అతను గొంతు తగ్గించి రెండో మాట అన్నాడు. "రాంగ్ రూట్ల వచ్చిండంట మేడం." మధ్యాహ్నానికల్లా ఆ రెండో మాటే మొదటి మాటైపోయింది. క్యాంటీన్లో అదే, మా కాలనీ వాట్సాప్‌లో అదే. మనిషి పోయాడన్న బాధ కంటే, తప్పు ఎవరిదో తేలిపోయిందన్న నిశ్చింతే ఆ గొంతుల్లో ఎక్కువగా వినపడింది. పోయినవాళ్ళ గురించి శాంతంగా రాయాలంటారు. నాకు చేతకావడం లేదు, ఏమనుకోకండి.

కాక మా కంపెనీలో ఫిట్టర్. మందుల అట్టపెట్టెలు అచ్చువేసి, కోసి, మడిచే కంపెనీ మాది. అందులో ఏ మిషన్ మొరాయించినా ఆయన వచ్చి ముందు దాని మీద చెయ్యి పెట్టి కాసేపు ఊరుకునేవాడు, ఆ తర్వాతే పానా తీసేవాడు. నేను డిస్పాచ్‌లో చేరిన కొత్తలో మా తెనాలి అలవాటు కొద్దీ "బాబాయిగారూ" అని పిలిస్తే నవ్వాడు. "గారు గీరు ఏంది బిడ్డా, అందరు కాక అంటరు, నువ్వు గూడ అను" అన్నాడు. అప్పట్నించి నాకూ కాకే.

ఆయనది అత్వెల్లి ఊళ్ళోనే ఇల్లు. ఊరిని ఆనుకుని కొత్తగా వేసిన కాలనీలో మేముంటాం. మూడేళ్ళ కిందట నా స్కూటర్ పది రోజులు షెడ్డులో పడింది. మా ఆయన పొద్దున్నే అల్వాల్ బ్యాంకుకి వెళ్ళిపోతారు, కంపెనీ వ్యాను మా వైపు రాదు. బాల్కనీలో మా అమ్మాయి ఎప్పుడో వదిలేసిన సైకిల్ ఉందని మాటల్లో అన్నాను. ఆ ఆదివారం శామీర్‌పేటలో కూతురిని చూసి వస్తూ వస్తూ కాక మా ఇంటికొచ్చాడు. పంపు, నూనె డబ్బా తెచ్చాడు. టీ చల్లారిపోయేదాకా తాగకుండా చైన్ శుభ్రం చేశాడు. పది రోజులకని కాక వెంట తొక్కడం మొదలుపెట్టాను, మూడేళ్ళు సాగింది.

మా కాలనీ ఆడవాళ్ళు నన్ను ఆపి మరీ జాలిపడ్డారు. బ్యాంకు ఉద్యోగి భార్యకి ఇదేం ఖర్మ అన్నారు. కాక మాత్రం సైకిల్ గురించి ఒక్కనాడూ నాకు పాఠం చెప్పలేదు. చెబితే నష్టాలే ముందు చెప్పేవాడు. డ్యూటీకి చేరేసరికి చొక్కా వీపుకి అంటుకుపోతుంది, కడుక్కోవడానికి చోటుండదు. ఎండాకాలం సీటు కాలుతుంది. లారీ పక్కనుంచి పోతే ఆ గాలికే హ్యాండిల్ ఊగుతుంది. అన్నిటికంటే, సైకిల్ మీద వచ్చేవాడి మాట ఏ మీటింగులోనూ చెవికెక్కదు. మరి ఎందుకు తొక్కుతున్నావు కాకా అంటే, "మంచిదని ఎక్కలే బిడ్డా, వేరే దిక్కు లేక ఎక్కిన. ఎక్కినంక మంచిగనిపించింది" అన్నాడు. నాకూ అంతే. ఇంటి నుంచి గేటుదాకా ఇరవై నిమిషాలు. రోజు మొత్తంలో నన్ను ఎవరూ ఏమీ అడగని ఇరవై నిమిషాలు అవే. నా నడుం నొప్పి ఎటు పోయిందో తెలీదు.

ఇప్పుడు ఆ రోడ్డు సంగతి చెప్పాలి. అది తెలియకపోతే నా కోపం మీకు అర్థం కాదు. మా ఊరి దారి హైవేలో కలిసేచోట ఇదివరకు ఎదురుగా డివైడర్‌లో సందు ఉండేది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు దాన్ని మూసేశారు. మా కంపెనీ అవతలి పక్క. బండి ఉన్నవాళ్ళు ఎడమకి తిరిగి రెండు కిలోమీటర్లు పోయి, యూటర్న్ చేసుకుని, అంత దూరమూ వెనక్కి రావాలి. లేదా కుడి పక్కన పెట్రోల్ బంకు ఎదురుగా ఇంకో సందుంది, అక్కడ దాటాలి. అది మూడు వందల అడుగులు. కానీ ఆ మూడు వందల అడుగులూ ఎదురుగా వచ్చే బండ్ల వైపు పోవాలి. ఊరంతా అలాగే పోతుంది. మోటార్ సైకిళ్ళు, ఆటోలు, పాల బండ్లు, అన్నీ రాంగ్ రూటే.

కాక ఒక్కడు దిగేవాడు. హైవే అంచుకి రాగానే సైకిల్ దిగి, వంగి, కుడికాలి క్లిప్పు తీసేవాడు. ప్యాంటు అంచు చైన్లో పడకుండా చీలమండకి పెట్టుకునే ఇనుప క్లిప్పు, పాతకాలంది, ఈ రోజుల్లో ఎవరి కాలికీ కనపడదు. దాన్ని చొక్కా జేబులో వేసుకుని, మట్టి అంచున సైకిల్‌ని నడిపించుకుంటూ బంకు దాకా పోయేవాడు. అక్కడ రోడ్డు దాటి, మళ్ళీ వంగి క్లిప్పు పెట్టుకుని ఎక్కేవాడు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు బంకు నుంచి ఊరి దారి దాకా బండ్లు పోయే వైపే కాబట్టి ఆ అవసరమే లేదు, అయినా బంకు దగ్గర రోడ్డు దాటేటప్పుడు దిగేవాడు.

నేను నవ్వేదాన్ని. మూడు వందల అడుగులకి రెండుసార్లు వంగడం ఎందుకు, క్లిప్పు కాలికి ఉంటే నడవనివ్వదా అని అడిగాను. "కాలుకుంటే కాలు ఊకె పెడల్ మీదికే పోతది. జేబుల ఏసుకుంటే కాలుకు ఎరుకైతది, ఇగ నడుసుడే అని" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. "ఈడ నేను సైకిలోన్ని గాదు బిడ్డా, నడిచెటోన్ని." నేను విన్నాను, తలూపాను, ఆయన్ని దాటుకుని రాంగ్ రూట్లో తొక్కుకుంటూ పోయి బంకు దగ్గర ఆగి ఆయన కోసం చూసేదాన్ని. మూడేళ్ళూ అదే చేశాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

ఒక ఏడాది జూన్‌లో కంపెనీవాళ్ళకి సైకిల్ మీద ప్రేమ పుట్టింది. పర్యావరణమన్నారు, ఆరోగ్యమన్నారు, కాకను పిలిచి దండ వేసి ఫోటో తీశారు. మైకిచ్చి మాట్లాడమన్నారు. ఆయన రెండే అడిగాడు. సైకిళ్ళకు ఓ రేకుల షెడ్డు కావాలన్నాడు, డివైడర్ సందు తెరవమని కంపెనీ తరఫున ఒక ఉత్తరం రాయమన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఉత్తరం రాయలేదు. రేకులైతే వేశారు, కార్ల మీద. దాని గురించి కాక నాతో ఒక్క మాట కూడా అనలేదు. అన్నవన్నీ నేనే అన్నాను, అవి ఇక్కడ రాసే మాటలు కావు.

కాక పోయిన నాలుగో రోజు సంతాప సభ పెట్టారు. రెండు నిమిషాలు మౌనం పాటించాం. కూర్చున్నామో లేదో సేఫ్టీ ఆఫీసర్ లేచి తెర మీద ఒక పట్టిక వేశాడు. "డ్యూటీకి సైకిల్ మీద రావడం: లాభాలు, నష్టాలు." పైన కాక ఫోటో. ఏ ఫోటో అనుకున్నారు? ఆ దండ ఫోటోయే. దండ మటుకు కనపడకుండా కత్తిరించారు. లాభాల వైపు గుండెకి మంచిదని, పొగ ఉండదని, మామూలుగా రాసేవన్నీ ఉన్నాయి. నష్టాల కింద చివరి వరసలో, "రాంగ్ రూట్ ప్రయాణం ప్రాణాంతకం, మన సహోద్యోగి ఉదాహరణ" అని ఉంది. ఆ ఉదయం నేను కాక వెంట లేను. ఇంట్లో చుట్టాలుండి ఆలస్యమై స్కూటర్ తీశాను, అటు యూటర్న్ తిరిగి వచ్చాను. చూడలేదు కాబట్టి చెప్పలేను అనుకుని నోరు మూసుకుని కూర్చున్నాను. ఆయన ఆ చోట ఎన్నడూ తొక్కలేదని తెలిసి కూడా, ఆ ఒక్కరోజు తొక్కాడేమో అన్న అనుమానాన్ని నా లోపలికి రానిచ్చాను. మర్నాడు ఆ పట్టిక క్యాంటీన్ గోడెక్కింది.

పదకొండో రోజు దాటాక కాక ఇంటికి వెళ్ళాను. ఆయన భార్యని నేను చిన్నమ్మా అంటాను. ఆవిడ ఏడవడం లేదు, కోపంగా ఉంది. "వచ్చినోళ్ళంత గదే మాటంటుండ్రు బిడ్డా. నేను తలకాయ దించుకొని కూసుంటున్న. గిన్నేండ్లు తొక్కినోనికి గంత తెలివి లేకపాయెనా?" అంది. లారీ డ్రైవర్ చెప్పిందే పోలీసు కాగితాల్లో ఎక్కిందట, సైకిల్ తొక్కుకుంటూ ఎదురు వచ్చాడని. ఆవిడ కూడా దాన్నే నమ్మింది. మొగుడు పోయిన దుఃఖం పైన మొగుడి తప్పు కూడా ఎత్తుకుని కూర్చుంది.

ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన ప్లాస్టిక్ కవర్ని అల్లుడు తెచ్చి అలమారలో పెట్టాడట. ఆ రోజు దాకా విప్పలేదంది. నేనుండగా విప్పింది. ఆగిపోయిన గడియారం, టిఫిన్ డబ్బా మూత, మడత పెట్టిన చొక్కా. చొక్కా జేబు తడిమి క్లిప్పు బయటికి తీసింది. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది కాలుకుండాలె గద. పొద్దుగాల గడప కాడ పెట్టుకునుడు నేనే సూసిన. జేబులకెట్ల వచ్చె?" అని అడిగింది.

నేను క్లిప్పు చేతిలోకి తీసుకున్నాను. తర్వాత అంతా చెప్పాను. డివైడర్, బంకు, దిగడం, వంగడం, జేబు. ఆవిడ నా మొహమే చూస్తూ వింది.

"అయితే నడుస్తుండెనా?"

"నడుస్తున్నాడు చిన్నమ్మా. రోజూ అక్కడ నడిచేవాడు."

"నాకెన్నడు చెప్పలే" అంది, అప్పుడు ఏడ్చింది. పన్నెండు రోజుల్లో అదే మొదటిసారి అని కూతురు తర్వాత నాతో చెప్పింది.

నేను తిన్నగా సేఫ్టీ ఆఫీసర్ దగ్గరికి వెళ్ళాను. ఓపికగానే విన్నాడు. విని, "నడిచినా రాంగ్ సైడ్ రాంగ్ సైడే కదా మేడం" అన్నాడు. నడిచేవాళ్ళు ఎదురుగా వచ్చే బండ్లు కనపడేటట్టు నడవాలని మా అమ్మాయి చిన్నప్పటి పుస్తకంలో కూడా ఉందని చెప్పాను. మట్టి అంచున నడుస్తున్న మనిషి మీదికి లారీ వస్తే, అంచు దిగివచ్చింది లారీ కదా అన్నాను. ఆయన ఫోను చూసుకున్నాడు. ఒక క్లిప్పు మాట పట్టుకొచ్చి రిపోర్టు మార్చమంటే ఎలా అన్నాడు, పైవాళ్ళని అడుగుతానన్నాడు. అడగలేదు.

అందుకని నేను పెన్ను తీశాను. క్యాంటీన్లో ఆ చివరి వరస కింద, "ఈయన తొక్కలేదు, దిగి నడుస్తున్నాడు" అని రాసి సంతకం పెట్టాను. మర్నాడు కొత్త కాగితం అంటించారు. మళ్ళీ రాశాను. మళ్ళీ మార్చారు. నాలుగోసారి నన్ను లోపలికి పిలిచి, మీలాంటి చదువుకున్నవాళ్ళు గోడల మీద రాయడమేమిటన్నారు. చదువుకున్నవాళ్ళు గోడల మీద అబద్ధం రాయొచ్చా అని అడిగాను. అయిదో కాగితంలో ఫోటో లేదు, ఆ వరసా లేదు. మిగతా లాభనష్టాలు అలాగే ఉన్నాయి. తప్పయిందని మాత్రం ఎవరూ అనలేదు. పోలీసు కాగితం మారలేదు. దానికోసం కాక కూతురూ నేనూ తిరుగుతున్నాం, తిరుగుతాం.

మొన్న సోమవారం పొద్దున చిన్నమ్మ మా కాలనీ గేటు దగ్గర నిలబడి ఉంది. ఆ జాగ చూపించమంది. ఇద్దరం హైవే దాకా నడిచాం, నేను సైకిల్ పట్టుకుని. రోడ్డు అంచుకి రాగానే, "ఈడనే దిగెటోడా?" అని అడిగింది. అవునన్నాను. సైకిల్ తనకిమ్మంది. జన్మలో సైకిల్ హ్యాండిల్ పట్టిన మనిషి కాదు. రెండో అడుగుకే పెడల్ ఆవిడ కాలికి తగిలింది. ఆగి, చీర సర్దుకుని, కాస్త ఎడంగా పట్టుకుని కదిలింది. కొంగు చివర ముడిలో క్లిప్పు ఉందని అది సైకిల్ కడ్డీకి తగిలి చప్పుడైనప్పుడు తెలిసింది.

ఎదురుగా లారీలు వస్తూనే ఉన్నాయి. సగం దూరం పోయేసరికి వెనకనుంచి హారన్ మోగింది. తిరిగి చూశాను. ఒక మోటార్ సైకిల్, రాంగ్ రూట్లో, మమ్మల్ని పక్కకి తప్పుకోమంటోంది. హెల్మెట్లో మొహం కనపడలేదు, మెడలో మా కంపెనీ ట్యాగు కనపడింది. మళ్ళీ మోగించాడు. నాకు భయమేసి, కొంచెం పక్కకి జరుగు చిన్నమ్మా అన్నాను.

ఆవిడ వెనక్కి చూడలేదు. "ఇది నడిచెటోళ్ళ జాగ అన్నవు గద" అంది. "ఆగుమను."

ఇంకోసారి మోగించి ఊరుకున్నాడు. బంకు వచ్చేదాకా, రెండు కాళ్ళూ మట్టికి ఆనిస్తూ, ఆవిడ నడిచినంత నెమ్మదిగా మా వెనకాలే వచ్చాడు.