పిలువకుండ కూసున్న మూడు నిమిషాలు

కరోనా వచ్చిన రెండో ఏడు, వానలు మొదలైన నెలల, ఇబ్రహీంపట్నంల మా డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్ నన్ను ఆన్‌లైన్ వ్యాపార పోటీకి కన్వీనర్‌గా వేసిండు. కామర్స్ లెక్చరర్‌గా నాకింక రెండేండ్ల సర్వీసే ఉన్నది. కన్వీనరంటే పెద్ద హోదా ఏం కాదు. నియమాలు రాయాలె, జట్లను ఖాయం చేయాలె, ఏదన్న చెడితే సంతకం పెట్టాలె. నాకంటే ముందు నలుగురిని అడిగితే నలుగురూ తప్పించుకున్నరని తర్వాత తెలిసింది.

మా కాలేజీ పిల్లలే, ఎనిమిది జట్లు, జట్టుకు ముగ్గురు. ఎవరిండ్లల్ల వాళ్లుండి, కాగితం మీద ఒక కంపెనీ నడపాలె. ఆఖరి రౌండ్‌ల ముడిసరుకు అమ్మేటాయనతోని వీడియో కాల్‌ల పది నిమిషాలల్ల బేరం తెంపుకోవాలె. ఆ అమ్మేటాయన వేషం నేనే తీసుకున్న. మా నాయినది బస్టాండు కాడ కిరాణం, చిన్నాయినది బట్టల దుకాణం. బేరంల నన్ను మించినోడు లేడని నాకు గట్టి నమ్మకం. మార్కులేసేటందుకు హైదరాబాద్ నుంచి ఒక కంపెనీ మేనేజర్ మేడం ఒప్పుకున్నది. మొదటి రెండు జట్లకు ఆమె కంపెనీల ఆర్నెల్లు జీతంతోని ట్రైనింగ్.

ఒక జట్టుకు లీడర్ మమత, మంచాల ఊరి పిల్ల. ట్రైనింగ్ రాకపోతే వచ్చే నెల నుంచి మేనమామ చీరల దుకాణంల కూసోవాలని ఇంట్ల ఖాయం చేసిన్రట. ఆ సంగతి నాకు ఆమెనే చెప్పింది, సాయం అడిగినట్టు కాదు, నోటీసిచ్చినట్టు.

నియమాల కాడ నేను మస్తు తెలివి చూపెట్టిన. బయటికి పోయి సీనియర్లను అడిగొస్తరేమోనని, కాల్ వదిలి మూడు నిమిషాలు దాటితే పోటీ నుంచి తప్పుకున్నట్టేనని రాసిన. నెట్ పోతే మాత్రం పది నిమిషాల మాఫీ. లెక్చరర్లు తమకు నచ్చిన పిల్లలకు ఉపాయాలు చెప్తరని, బేరం నడిచేటప్పుడు ఎవ్వరూ జట్టుకు ఫోన్ చేయొద్దని గూడ రాసిన.

ఇదే మనిషి, అంటే నేనే, నెల ముందు క్లాసుల చెప్పిందేమంటే, అమ్మేటోడు దిగకపోతే లేచి రెండడుగులు వేయాలె, గడప దాటకముందే వాడే పిలుస్తడని.

అందరికంటే ఆఖరున మమత వంతు వచ్చింది. కిలోకు నేను నూటనలభై అన్న, ఆమె తొంభై అన్నది. నేను నూటఇరవైకి దిగి ఆగిన. "వద్దు సార్, వేరే కాడ చూసుకుంటం" అన్నది. మూడు కిటికీలు ఒక్కపారే ఆరిపోయినయ్. నా పాఠం ఫలించిందని మురిసిపోయిన. వెంటనే పిలిస్తే చులకనై అగ్గువైతమని నిమిషంనర కావాలనే గమ్మునున్న. తీరా పిలుద్దామంటే తెర మీద నేను, మేడం తప్ప ఎవ్వరు లేరు. ఫోన్ చేద్దామంటే నేను రాసిన నియమమే అడ్డం. అయినా దుకాణం అలవాటు కొద్దీ "అమ్మా, ఇటు రా" అన్న. ఎవరిని పిలుస్తున్నరని మేడం అడిగింది. అప్పటికి మూడు నిమిషాలు అయిపోయినయ్. జట్టు పోటీల లేనట్టే.

వాళ్ల బేరం ముగిసింది కాబట్టి ఫోన్ చేసిన.

"పిలుస్తరనుకున్నం సార్," అన్నది మమత.

"నువ్వే వస్తవనుకున్ననమ్మా. పోనీ, నెట్ పోయిందని చెప్పు, లోపలికి తీసుకుంటరు."

"నేను మంచాలల ఉన్న. ఒకలు నాదర్‌గుల్, ఒకలు పెద్ద అంబర్‌పేట్. ముగ్గురికి ఒక్కపారే పోతదా సార్? పోతున్నమని చెప్పి మరీ పోయినం గద."

ఆమెనే మళ్ల అన్నది: "మీరు చెప్పినట్టే చేసినం. గా మాట మేడంకు మీరే చెప్పుర్రి."

చెప్పిన. అందరిని మళ్ల కాల్‌లకు పిలిపిచ్చి, ఎనిమిది జట్లు వినంగ, నేర్పింది నేనే, నేర్పిన దానికి శిక్ష రాసింది గూడ నేనే అని చెప్పిన. మేడం నవ్వలేదు. తక్కిన జట్లకు అభ్యంతరముందా అని అడిగింది. ఒక పిల్లగాడు, "లేదు మేడం, మేం గూడ లేద్దామనుకున్నం, మళ్ల కాల్ కలుస్తదో లేదోనని కూసున్నం" అన్నడు. ఇంకో రెండు జట్లు అవ్ అన్నయ్. పది నిమిషాలల్ల మిగిలిన నాలుగు ఆ జట్టుకు ఇయ్యమని మేడం చెప్పింది.

నూటఎనిమిదికి బేరం తెగింది. జట్టు రెండో స్థానంల నిలిచింది, మమత ట్రైనింగ్‌కు పోయింది.

రిపోర్టుల ప్రిన్సిపాల్ "కన్వీనర్ నిర్లక్ష్యం" అని రాయబోతే, అరగంట కూసోని దాన్ని "పొరపాటు" దాకా దించిన. ఆ పోటీల నేను గెలిచిన బేరం అదొక్కటే.

క్లాసుల ఒకటి చెప్పి నియమాలల్ల ఇంకొకటి రాస్తే, దెబ్బ తగిలేది మన మాట నమ్మిన పిల్లలకే. రిటైరయ్యేదాక తర్వాత ఏ నియమం రాసినా, అచ్చుకు పంపకముందు ఒక స్టూడెంట్‌ను కూసోబెట్టి చదివించి, నేను చెప్పిన పాఠం ప్రకారం నడిస్తే ఇందుల ఎక్కడ ఇరుక్కుంటవని అడిగేటోన్ని. ప్రతిపారి ఏదో ఒకటి దొరికేది.