సీటు బెల్టు చివరి జానెడు

కువైట్‌లో పదేళ్లు యజమాని స్పోర్ట్స్ సెడాన్ నడిపిన మా బావగారికి, అలాంటిదే ఒకటి సొంతంగా ఉండాలని కోరిక. ఈ రోజు పొద్దున్న అమలాపురంలో ఒక సెకండ్ హ్యాండ్ బండి చూడ్డానికి వెళ్లాం. అద్దంలా మెరిసిపోతోంది. బావగారు అప్పుడే ఎక్కి కూర్చుని స్టీరింగ్ వదలడం లేదు.

మేం వెంట తీసుకెళ్లిన మెకానిక్ సూరిబాబు గారు మాత్రం బానెట్ జోలికే వెళ్లలేదు. వెనక సీట్లో కూర్చుని బెల్టును చివరికంటా లాగారు. ఎప్పుడూ లోపలే చుట్టుకుని ఉండే ఆఖరి జానెడు మీద బూడిదరంగు మరక కనిపించింది. గోటితో గీకితే మెత్తటి ఒండ్రు రాలింది.

"ఇది వరదలో మునిగిన బండండీ."

"ఇంత శుభ్రంగా కడిగేరు కదండీ, ఎలా కనిపెట్టేరు?" అన్నారు బావగారు.

"మాది గోదావరి మధ్యన లంక ఊరండీ. వరద తీసేక ఇల్లు ఎంత కడిగినా తలుపు సందుల్లో ఒండ్రు ఉండిపోద్దండీ. ముందు అక్కడే చూడ్డం అలవాటండీ, ఆయ్."

అమ్మే ఆయన ఫోనొచ్చినట్టు పక్కకు వెళ్లిపోయాడు. బావగారు స్టీరింగ్ వదిలి, దిగి, సూరిబాబు గారికి దణ్ణం పెట్టారు.

ఇంటికొచ్చి నా కారు బెల్టూ లాగి చూశాను. ఒండ్రు లేదు గానీ పూతరేకుల నెయ్యి మరక, దాని మీద ఒక చీమ ఉన్నాయి. మీరూ లాగి చూడండి. ఏం బయటపడిందో నిజం చెప్పాలి మరి!