రాజలింగం నాలుగు డబ్బాలు

లాల్‌దర్వాజా రాజలింగానికి చాయ్ తాగేవాళ్లంటే చీదర. శాలిబండలో బాబూమియా హోటల్ ముందు సాసర్లో పోసుకుని జుర్రేవాళ్లు కనబడితే మొహం తిప్పుకుంటాడు. తన ఇంటికి ఎవరొచ్చినా, అల్మారాలోని నాలుగు టీ ఆకు డబ్బాల మూతలు తీసి వాసన చూపించందే కూర్చోనివ్వడు. "నాలుగూ ఒక్క చెట్టు ఆకులే. లేత మొగ్గను ఊకె ఆరబెడితే తెల్ల టీ. కోయంగనే వేడి తగిలిస్తే పచ్చది. గాలికి సగం రంగు మారనిస్తే ఊలాంగ్, మొత్తం మారితే నల్లది. మీరు తాగేది నల్లదాని దుమ్ము. దాంట్ల మళ్ల బర్రె పాలు!" అంటూ చిటికెనవేలు లేపి ఒక గుక్క తాగుతాడు. మంచాన పడ్డ తల్లి మాణిక్యమ్మ పాల చాయ్ అడిగిన ప్రతిసారీ పచ్చ టీయే ఇచ్చాడు. ఆమె దాన్ని మంచం కింది బేసిన్‌లో ఒంపేసి గోడవైపు తిరిగి పడుకునేది.

ఆమె పోయిన మూడోనాడు మిద్దె మీద పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి విస్తట్లో పెడితే కాకి ముట్టాలి. ముట్టలేదంటే ఏదో కోరిక మిగిలిపోయినట్టే. రాజలింగం పింగాణీ కప్పులో తెల్ల టీ పెట్టాడు. ఎండెక్కినా కాకులు పిట్టగోడ దిగలేదు. "అన్నా, అమ్మ పాల చాయ్, పాల చాయ్ అనుకుంటనే పాయె. గిప్పుడన్న పెట్టు" అని ఏడ్చిన చెల్లెలు సుగుణ, తనే ఉరికి బాబూమియా దగ్గర గ్లాసెడు చాయ్ తెచ్చి పెట్టింది. ఆమె పక్కకు జరగ్గానే ఒక కాకి వాలి ముక్కు ముంచింది. చుట్టాలంతా దండం పెట్టారు. రాజలింగం విస్తట్లోంచి తన కప్పు తీసుకుని, చల్లారిన టీని చిటికెనవేలు లేపి తాగుతూ అన్నాడు: "కాకికేం ఎర్క?"