చెప్పులు విడవకుండా వచ్చినవాడు

ఇంట్లో ఎవరున్నారో తెలియాలంటే నేను గుమ్మం దగ్గర చెప్పులు చూస్తాను. అక్షరాలు నాకు అరవై దాటాక వచ్చాయి. ఈ చదువు మాత్రం ముందునుంచీ ఉంది.

హోసూరులో రాయకోట రోడ్డు పక్కన మా ఇల్లు. కొన్నేళ్ల కిందట మా కొడుకు టీవీకి తగిలించే ఆటపెట్టె కొన్నాడు. దానికి రెండు రిమోట్లు. సెలవులొస్తే గుమ్మం ముందు చెప్పులు కుప్పపడేవి. ఇద్దరు ఆడుతుంటే మిగతా పిల్లలు వంతు కోసం కొట్టుకునేవాళ్లు.

"నువ్వు సచ్చినావు, లెయ్యి!"

"యాడ సచ్చినా? ఇంగా ఒక ప్రాణం ఉండాది!"

వాళ్లను తిట్టుకుంటూనే బొరుగుల్లో ఉల్లిపాయ, కారం కలిపి పెట్టేదాన్ని. ఎవరు ఏడుస్తున్నారో, ఎవరు తొండి చేస్తున్నారో వంటింట్లోకే తెలిసేది.

ఇప్పుడు కొత్త పెట్టె వచ్చింది. మనవరాలికి పదమూడేళ్లు. తలుపేసుకుని, చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని ఒక్కతే ఆడుతుంది. పక్కింటి పిల్ల కూడా అదే ఆట ఆడుతుందట, వాళ్లింట్లో కూర్చుని.

"ఆ పాపను ఈడికే రమ్మనొచ్చు కదమ్మా?" అన్నాను.

"ఈ ఆటలో ఒక టీవీకి ఒకరే అవ్వా."

పోయిన నెల ఒక మధ్యాహ్నం కొడుకూ కోడలూ కృష్ణగిరికి పెళ్లికి పోయారు. పిల్ల గదిలోంచి మగగొంతు వినబడింది. ఎదిగిన మగవాడి గొంతు. గుమ్మం దగ్గరికి పోయి చూస్తే నా చెప్పులు, పిల్ల చెప్పులు, అంతే. గోడ దూకి వచ్చాడా? చపాతీ కర్ర పట్టుకుని తలుపు తోశాను.

పిల్ల ఒక్కతే ఉంది. హెడ్‌సెట్ చెడిపోయినట్టుంది, గొంతు టీవీలోంచి వస్తోంది. పిల్ల చేతిలో రిమోట్‌కే మైకు ఉందట, దాంట్లో జవాబు చెబుతోంది.

"హోసూర్లో యాడ పాపా మీ ఇల్లు?"

"రాయకోట రోడ్డన్నా."

"ఇంట్లో ఎవురెవురుండారు?"

మంచం కింద నక్కినవాడైతే కర్రకు అందుతాడు. వీడినేం చేసేది?

"ఎవడమ్మే వాడు?"

"మా టీమ్‌లో అన్న అవ్వా. చానా బాగా ఆడతాడు."

"మొగం చూసినావా?"

"ఈ ఆటలో ఎవురి మొగం ఎవురూ చూడరు."

"పక్కన ఎవురు పాపా?" అంది టీవీ.

పిల్ల చేతిలో రిమోట్ లాక్కుని నోటి దగ్గర పెట్టుకున్నాను.

"నేనప్పా, ఈ పిల్ల అవ్వను. మా ఇంట్లోకొచ్చినావే, చెప్పులు యాడ ఇడిచినావు?"

తెరమీద వాడి బొమ్మ కాసేపు నిలబడి మాయమైంది.

"ఆ అన్నను పోగొట్టినావు కదవ్వా!" అని పిల్ల ఏడ్చింది.

పోయాడో లేదో నాకేం తెలుసు? మనిషి పోతే గేటు కిర్రుమనాలి. అదీ లేదు. మా రోడ్డు పేరు మాత్రం వాడి దగ్గరే ఉండిపోయింది.

రాత్రికి కొడుకు వచ్చి ఏవేవో నొక్కాడు. "వాణ్ణి ఆపేసినాను లేమ్మా, ఇంగ రాడు" అన్నాడు. పిల్ల తలుపు తెరిచి ఆడాలని కూడా చెప్పాడు. వాడికది సరిపోయింది.

నాకు సరిపోలేదు. ఇప్పుడు గేటు దగ్గర ఏ మగవాడు ఆగినా, పార్సెల్ తెచ్చినవాడైనా, కరెంటు మీటరు చూసేవాడైనా, ఊరికే వదలను. ఏ ఊరప్పా, నీళ్లు తాగతావా అని ఏదో ఒకటి అడిగి మాట్లాడిస్తాను. ముఖం ఎటూ తెలియదు. ఆ గొంతు మాత్రం నా చెవిలో ఉంది.