అంగిలి మీద బెల్లం

నిన్న డెలానీపూర్‌ బజార్లో ఒక కొట్టువాడు బెల్లం దిమ్మ పగలగొడుతుంటే, ఆ వాసనకి మా నాన్నమ్మ గుర్తొచ్చింది.

నాకు ఆరేళ్లప్పుడు ఆవిడ శ్రీకాకుళం నుంచి ఓడలో ఈ దీవికి, లంబాలైన్‌లోని మా క్వార్టర్‌కి వచ్చింది. మా వీధంతా హిందీ. నా నోట ‘ళ’ పలికేది కాదు. నేను ‘నీల్లు’ అన్నప్పుడల్లా ఆవిడ మనసు చివుక్కుమనేది. బెల్లం నలిపి, వేలితో నా అంగిలి మీద బాగా వెనక్కి అంటించేది.

“నాలిక మడతెట్టి నాకవే అమ్మీ. ‘ళ’ అక్కడే ఉంటాది. ఇప్పుడను, నీళ్లు.”

మూడో రోజుకే నాకు వచ్చేసింది. పెరట్లో కొబ్బరిచెట్టు వెనక నిలబడి ‘నీళ్లు, నీళ్లు’ అని ఒక్కదాన్నే అనుకునేదాన్ని. వచ్చిందని తెలిస్తే బెల్లం ఆగిపోతుందని, ఆవిడ ముందు మాత్రం నెలంతా ‘నీల్లు’ అనే అన్నాను.

తిరుగు ఓడ ఎక్కే ముందు ఆవిడ కళ్లు తుడుచుకుని, “నా వల్ల కానేదురా. దీని నాలిక తిరగదు,” అంది నాన్నతో. అప్పుడూ నా బుగ్గలో బెల్లం ఉంది. వచ్చే ఏడు కొత్త బెల్లం తెస్తుందిగా, అప్పుడు పలికి చూపిద్దాంలే అనుకున్నాను.

ఆవిడ మళ్లీ రాలేదు. బడిలో, ఆఫీసులో, చివరికి ఇంట్లోనూ నాకు హిందీయే మిగిలింది.

నిన్న గది తలుపు వేసుకుని అంగిలికి బెల్లం అంటించుకున్నాను. అది కరిగేదాకా ఆ మాటే అన్నాను. ‘నీల్లు’ అనే వచ్చింది.

మనవరాలు తలుపు తట్టింది. “క్యా హువా నానీ? పానీ చాహియే?”

తలుపు తీసి, అది తెచ్చిన నీళ్ల గ్లాసు అందుకుని తాగాను. నోట్లో ఆ తీపి కూడా పోయింది.