నాయన మంచానికి నాలుగో కోడు

రంపం నిలువునా దిగింది. మా నాయన చేత్తో చెక్కిన మంచం కోడు రెండు బద్దలై బల్ల మీద చెరో పక్కకు ఒరిగింది. అక్క పక్కనే నిలబడి చూసింది. కొయ్యమన్నది కూడా ఆమే.

మార్కాపురంలో ఒకప్పుడు పలకలు కోసిన షెడ్డులో ఇప్పుడు కంప్యూటర్‌లో గీసిన గీత ప్రకారం తలుపులూ మంచాలూ చెక్కే సీఎన్‌సీ మిషన్ ఉంది. అక్క ఆ కోడును నమూనా కోసం గోనెసంచిలో చుట్టుకుని కొమరోలు నుంచి బస్సులో తెచ్చింది. మంచం నాలుగు కోళ్లలో వేరే ఒకదాన్ని చెదలు తినేశాయి. దాని బదులు ఒకటి చేయించి, మళ్లీ ఆ మంచం మీదే పడుకోవాలని ఆమె కోరిక. నాయన చేతి పని అంటూ ఇంట్లో మిగిలింది అదొక్కటే. నన్ను తోడు రమ్మంది.

షెడ్డు యజమాని ముందు ఫోన్‌తో ఫోటో తీసి, కంప్యూటర్‌లో దాని అంచు వెంబడి గీత గీశాడు. వాళ్లు దాన్ని వెక్టర్ అంటారు. ఫోటోలో కోడు కాస్త వంగినట్టు పడడంతో గీత కుదరలేదు.

“పెద్దమ్మా, దీన్ని నిలువునా కోసి సగం బద్దను కాగితం మీద పెట్టి గీస్తే సరిగ్గా వస్తది. ఒకటి పోతే రెండు చేసిస్తా.”

“సగమే గీస్తే మిగతా సగం ఎవరు గీస్తరు, నీ పెండ్లామా?”

“కంప్యూటరే తిప్పుకుంటది. దానికి కూలి గూడా ఇయ్యాల్సిన పన్లే.”

అక్క నవ్వింది. “అయితే కొయ్యి.”

ఆ సగం గీతను నడిమి ఇరుసు చుట్టూ తిప్పితే మెడ, పొట్ట, పాదం తెర మీద గుండ్రంగా లేచాయి. పొట్ట మీద నాయన చెక్కిన తీగ నగిషీని మాత్రం విడిగా గీయాలి. పొట్ట చుట్టుకొలతంత వెడల్పున్న పట్టీ మీద దాన్ని పరిచి గీసి, తర్వాత కోడుకు చుట్టాలి. కుడి అంచున తెగిన ఆకు ఎడమ అంచున అందుకోవాలి. అతను దాన్ని ఓపికగా కలిపాడు.

చిక్కు మెడ దగ్గర వచ్చింది. ఒక బద్దకు అక్కడ నొక్కు ఉంది. చిన్నప్పుడు అక్క తన మేకపిల్లను ఆ కోడుకే కట్టేది. తాడు ఒరుసుకుని పడిన నొక్కు అది.

“ఈ బద్ద తీసుకుంటే నొక్కు చుట్టూతా వస్తది. ఆ బద్ద తీసుకుంటే అసలే రాదు. ఏది తీసుకుందాం?”

“నున్నగుండేదే తీసుకో,” అంది అక్క. నాకూ అదే సరి అనిపించింది.

వారం తర్వాత వెళ్లేసరికి కొత్త కోళ్లు రెండూ సిద్ధంగా ఉన్నాయి. తేడా వెతికినా దొరకదు. అక్క ఒకదాని మెడ చుట్టూ బొటనవేలు తిప్పింది. మళ్లీ తిప్పింది.

“బాగనే చేసినావు నాయనా. వేలు యాడా ఆగడం ల్యా.”

పాత బద్దలు అతికించగలవా అని అడిగింది.

“అతికిస్తా గానీ, మనిషి బరువుకు ఆగదు పెద్దమ్మా.”

కోయకుండా, మందం కొలిచే కాలిపర్ పట్టి అంగుళం అంగుళానికీ కొలుచుకున్నా పని జరిగేదే. ఇంకో పూట పట్టేది. ఆ రోజు మాకెవరికీ తొందర లేదు.

మంచం ఇంకా బిగించలేదు. కొత్త కోళ్లు షెడ్డులోనే ఉన్నాయి. అతను ఫోన్ చేసినప్పుడల్లా నేను అక్కను అడుగుతాను. ఆమె బోరులో నీళ్లు తగ్గిన సంగతి చెబుతుంది. తెమ్మని అనలేదు, వద్దనీ అనలేదు.